మా చిన్ననాటి దూరదర్శన వింతలు

పిల్లల కొరకని చెప్పి మా బాల్యమున దూరదర్శనమువారు ప్రసారము చేసిన కొన్ని కార్యక్రమములను నేడు తలచుకొన్నచో, వానిని తయారుచేసినవారు పిల్లలనగా ఏమనుకొనిరో యని సందేహము కలుగును. ఒక కథలో రాక్షసునికి కాలుచేతులు లేవు, తల లేదు. ఉన్నదంతయు ఒక కంటిగ్రుడ్డు. కొండంత కంటిగ్రుడ్డు! దానిపైకి ఒక బాలుడు తన చేతిగడియారములో మాటలాడి ఇనుప మనిషిని పంపును. ఇట్టివానిని మేము రెప్ప వేయక చూచితిమి. అంతకన్న వింత యేమనగా, అందలి మాటలు మాకు సగమైనను తెలియవు.

1983వ సంవత్సరమున ఇన్సాట్-1బి ఉపగ్రహమును ఆకాశమున నిలిపిన పిమ్మట, 1984 నుండి దేశమంతట చిన్న ప్రసార కేంద్రములు వరుసగా వెలసినవి. మా షోలాపురము నేతపేటలలో వీధికి ఒకటి రెండు పెట్టెలు వచ్చినవి. గడప ముందు చెప్పుల గుట్టను బట్టి లోపల ఏ కార్యక్రమము జరుగుచున్నదో చెప్పగలిగెడివారము. పెట్టెలో హిందీ, ఆంగ్లము, వీధిలో మరాఠీ, ఇంటిలో తెలుగు. ఏది వచ్చిన అది చూచుటయే గాని ఎన్నుకొనుట యన్నది లేదు. మగ్గము తప్ప మడక నెరుగని మేము 'కృషి దర్శన్' చూచి గోధుమపైరు తెగుళ్లను గూర్చి శ్రద్ధగా విన్నవారమే. నడుమ బొమ్మ ఆగిపోయి, అంతరాయమునకు చింతించుచున్నామని హిందీలో ఒక పలక కనబడెడిది. మాలో అనేకులు తప్పులేకుండ చదువ నేర్చిన మొదటి హిందీ వాక్యము అదియే.

ఇనుప మనిషి కథ 'జెయింట్ రోబోట్' అనునది. దీనిని జపానులో 1967-68లో ఇరువదియారు భాగములుగా తీసిరి. అమెరికావారు దానిని కొని, జపాను నటుల నోట ఆంగ్లము అతికించిరి. నటుని పెదవులు కదలుట మానినను మాట వచ్చుచుండును. ఒక్కొక్కప్పుడు పెదవులు కదలుచునే యుండును, మాట ఉండదు. ఇది జపానువారి మాటతీరు కాబోలునని మేము నమ్మితిమి. రాక్షసులన్నచో రబ్బరు తొడుగులలో దూరిన మనుష్యులు. వారు త్రొక్కి నలుపు పట్టణములు బొమ్మరిండ్లు. ఆనాడు మాత్రము మా కంటికి తొడుగు మడతలు కనబడలేదు. సముద్రగర్భమున కాపురముండు గిలటిన్ చక్రవర్తి ఎందులకు లోకముపై కోపగించెనో మాలో ఏ ఒక్కనికిని తెలియదు. ఒకడు అప్పుల వలన ననెను. నూలు ధర పెరిగినప్పుడెల్ల పెద్దల నోట విన్న మాట అదియే గనుక మేమందరము ఒప్పుకొంటిమి.

కడపటి భాగమున ఆ చక్రవర్తిని కాల్చిన భూమియే పేలిపోవు ప్రమాదము వచ్చును. అప్పుడు రోబోటు, బాలుడు వలదని అరచుచున్నను వినక, శత్రువును పట్టుకొని ఆకాశమున కెగిరి, ఒక గ్రహశకలమునకు గ్రుద్దుకొని నశించును. అన్నాళ్లు చెప్పినట్లు వినినది ఆ ఒక్కమారు ఏల వినలేదో మాకు అంతుబట్టలేదు. వారము దినములు వాదించితిమి. ఇంటికి పోయి చెప్పగా అమ్మమ్మ అంతయు విని, "ఆ ఇనుపోనికి ఇన్నొద్దులు బువ్వెవరు పెట్టిండ్రురా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు ఈనాటికిని నా యొద్ద సమాధానము లేదు.

1985లో వచ్చిన 'విక్రమ్ ఔర్ బేతాళ్' సంగతి వేరు. శవమును భుజమున మోయు రాజు, కథ చెప్పి ప్రశ్న వేయు బేతాళుడు మాకు పాత చుట్టములే. పదునొకండవ శతాబ్దమున సోమదేవుడు 'కథాసరిత్సాగరము'న చెప్పినవి ఇరువదియైదు కథలు. 1947లో మద్రాసున పుట్టిన 'చందమామ' దయవలన బేతాళునకు దశాబ్దముల తరబడి చెట్టు దిగి యెక్కుట తప్పలేదు. మరాఠీ బాలురకు 'చాందోబా' యను పేర అదే పత్రిక. కనుక పెట్టెలోని హిందీ వాక్యము ముగియకముందే, జరుగబోవునది మేము తెలుగున, వారు మరాఠీలో చెప్పుచుండెడివారము. చిక్కు 1987లో వచ్చినది. విక్రముడుగా నటించిన అరుణ్ గోవిల్ 'రామాయణము'న శ్రీరాముడై ప్రత్యక్షమయ్యెను. పెద్దలు చేతులు జోడించిరి. మేము భుజముపై బేతాళు డున్నాడా యని చూచితిమి.

విజయా ములే 1974లో తీసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా' యను బొమ్మల చిత్రము ఏడు నిమిషములది. పక్షులు వలతో నెగిరిపోవుటయు, ఎలుకలు వల కొరుకుటయు పాటగా సాగును. పాట మాకు రాకున్నను, మా ఇంటి పెద్దలు చూచి, "ఇది చిత్రగ్రీవుని కథయే గదా!" యనిరి. చిన్నయసూరి 'నీతిచంద్రిక' మిత్రలాభమున వారు చదివినదే. అప్పటినుండి ఆ పావురములు మావైనవి.

ఈ ముచ్చట వ్రాయుటకు ఒక కారణము కలదు. "ఫోనులో తెలుగు బొమ్మల చిత్రములు కావలసినన్ని యున్నవి. పిల్లవాడు గంటలకొలది వినుచున్నాడు. అయినను తెలుగున నాలుగు మాటలు చెప్పుమన్నచో మరాఠీలోనికి జారుచున్నాడు, ఏల?" అని కొందరు తల్లిదండ్రులు నన్నడుగుచున్నారు. మా పెట్టెలో తెలుగు ఒక్క ముక్క లేకుండెను. చూచినది ఇంటిలో చెప్పవలె. వినువారికి తెలుగు తప్ప రాదు. విని ఊరకుండక ప్రశ్నలు వేయుదురు. ఇనుప మనిషికిని, గ్రహశకలమునకును, గిలటిన్ చక్రవర్తికిని మాటలు వెదకుకొనక తప్పలేదు. నేటి బాలునికి చెవి నిండ తెలుగున్నది గాని, "తరువాత ఏమైనది?" అని అడుగువారు ప్రక్కన లేరు. ఫోను అడుగదు. రాత్రి భోజనమువేళ పది నిమిషములు మీరు అడిగి చూడుడు. కథ అర్థము కానట్లు నటించినచో మరియు మేలు.

గత సంవత్సరము ఆరవ తరగతివారికి ఆ ఇనుప మనిషి కడపటి ఘట్టమును ధ్వని లేకుండ చూపి, రోబోటు మాట ఏల వినలేదో చెప్పుమంటిని. గడియారములో బ్యాటరీ అయిపోయినదని ఒక బాలిక చెప్పెను. అట్లయిన ఎగురుటకు బలమెక్కడిదని వెనుక బల్లనుండి మరియొకడు లేచెను. మధ్య మధ్య మరాఠీ మాటలు దొర్లినవి, నేను దిద్దలేదు. గంట కొట్టినను వాదము తెగలేదు.