పుస్తకంలో ఉన్నంత మాత్రాన వేదవాక్కా?

చౌటుప్పల్: అచ్చయిన మాటకు మన పల్లెల్లో విలువ ఎక్కువ. రచ్చబండ మీద ఎంత వాదన జరిగినా, "పుస్తకంలో రాసి ఉన్నది" అని ఒకరంటే మిగతావారు ఊరుకుంటారు. అందులోనూ అది విజ్ఞాన సర్వస్వమైతే ఇక తిరుగు లేదు. అటువంటి పుస్తకాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? దూరం పోనక్కర లేదు, మన రోడ్డు మీది ఊరినే చూద్దాం.

మునగాల ఏ జిల్లా?

చౌటుప్పల్ నుంచి విజయవాడ రోడ్డున పోతే సూర్యాపేట దాటాక మునగాల వస్తుంది. అది ఏ జిల్లా అంటే 1959కి ముందు అచ్చయిన పుస్తకం కృష్ణా జిల్లా అంటుంది. తర్వాతి పుస్తకం నల్లగొండ అంటుంది. 2016 అక్టోబరు తర్వాత వచ్చింది సూర్యాపేట అంటుంది. మూడూ నిజమే, దేని కాలానికి అది. చౌటుప్పల్ కూడా పాత పుస్తకాల్లో నల్లగొండ జిల్లాయే. 2016 నుంచి యాదాద్రి భువనగిరి. కనుక పుస్తకం తెరవగానే ముందు చూడవలసింది అచ్చు వేసిన సంవత్సరం.

దివాను గారి పూనిక

తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు పంతులు ఆ మునగాల సంస్థానానికే దివాను. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించినవారిలో ఆయన ముఖ్యుడు. ఒక్కో విషయం తెలిసినవారి చేత వ్యాసాలు రాయించి 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' తెచ్చారు. 1923లో ఆయన కన్నుమూసేనాటికి మూడు సంపుటాలు వచ్చాయి. అయినా అక్షరమాలలో 'అ' దాటలేదు! ఆ పుస్తకానికి గౌరవం దాని లావును బట్టి రాలేదు. ఎవరు రాశారు, ఎంత పరిశీలించి రాశారు అనేదాన్ని బట్టి వచ్చింది.

పెద్ద పేరున్న ఇంగ్లీషు 'బ్రిటానికా' 1768లో మొదలైంది. అందులోనూ తప్పులున్నాయి. 2005లో 'నేచర్' అనే సైన్సు పత్రిక బ్రిటానికా నుంచి, ఎవరైనా దిద్దగలిగే వికీపీడియా నుంచి 42 విషయాల మీది వ్యాసాలను నిపుణులకు చూపించింది. ఏది ఎందులోదో వారికి చెప్పలేదు. వ్యాసానికి సగటున వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు తప్పులు తేలాయి. బ్రిటానికా వారు ఈ లెక్కను ఒప్పుకోలేదు. 2012లో వారు అచ్చు పుస్తకం వేయడమే మానుకున్నారు. ఇప్పుడు ఆ స్థానం చేతిలోని ఫోనుకు వచ్చింది. "ఫోనులో ఉన్నది" అన్నా అదే పరీక్ష పెట్టాలి.

లేదన్నంత మాత్రాన లేకపోలేదు

పుస్తకంలోని తప్పును దిద్దుకోవచ్చు. అసలు ఎక్కకుండా పోయిన దాని సంగతి అంతకంటే కష్టం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న మాట ఒకప్పుడు వచ్చింది. పాలమూరు జిల్లా వాడైన సురవరం ప్రతాపరెడ్డి తిట్టి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. అందులో 354 మంది కవులు తేలారు. ఆ మాట అన్నవారికి అంతకన్నా జవాబేముంటుంది?

మన ప్రాంతానికీ ఇదే వర్తిస్తుంది. సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలిన రాచకొండ మనకు దగ్గరే. ఆ రాజుల పేర్లు పుస్తకాల్లోకెక్కాయి. మన చెరువు పేరు ఎట్లా వచ్చిందో, ఏ తూము కింద ఏ పొలం పారేదో, ఊరి మగ్గం మీద ఏ నమూనా నేసేవారో ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. వారితో పాటే అవీ పోతాయి.

చదువుకున్న పిల్లలు ఒక నోటుబుక్కు తీసుకొని తాతలను, అమ్మమ్మలను అడిగి రాయవచ్చు. చెప్పినవారి పేరు, రాసిన తేదీ వేయడం మరువరాదు. ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెండూ రాయాలి. అట్లా రాసిన నోటుబుక్కు బడిలో ఒకటి ఉంటే, రేపు పెద్ద పుస్తకం రాసేవారు కూడా దాన్ని వెతుక్కుంటూ ఊరికి వస్తారు.