పేస్టు ట్యూబు మీద చిన్న నెంబరు

హాస్టల్ రూములో టూత్‌పేస్టు ట్యూబు ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టయితే చిన్న అక్షరాల్లో ఒక పీపీఎం నెంబరు కనిపిస్తుంది. కంపెనీ వాళ్ళు మన మీద ప్రేమతో వేసింది కాదు అది. కాస్మెటిక్స్ రూల్స్‌లో దీనికి ఒక నియమం పెట్టారు. పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు, ఎంత ఉందో ట్యూబు మీదా డబ్బా మీదా రాయాలి, ఎక్స్‌పైరీ డేటూ వేయాలి.

పీపీఎం అంటే పది లక్షల్లో ఎన్ని వంతులు అని. నల్గొండ జిల్లా వాళ్ళకి ఈ లెక్క కెమిస్ట్రీ క్లాసు కంటే ముందే వస్తుంది. మా నానమ్మ వాళ్ళది మర్రిగూడ మండలం. అక్కడ బోరు నీళ్ళ గురించి మాట్లాడేటప్పుడు చదువుకోనోళ్ళు కూడా "గా బోరుల పాయింట్ ఎంతున్నది?" అని అడుగుతారు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, అంటే సుమారు 1.5 పీపీఎం, దాటకూడదు. దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు గారపడతాయి, తర్వాత ఎముకలు వంగిపోతాయి. ఈ జబ్బు గురించి 1937లోనే మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉన్న నెల్లూరు జిల్లా పల్లెలు చూసి డాక్టర్లు రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరి సంస్థ వాళ్ళు పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్'. ఒక జిల్లా పేరు ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి ఇలా ఎక్కడం నాకైతే గర్వంగా ఏమీ అనిపించదు. ఫ్లోరైడ్ బాధితుల గొంతుగా నిలిచిన శివన్నగూడెం అంశాల స్వామి గారు 2023 జనవరిలో చనిపోయారు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి, కానీ వంగిన ఎముకలు మళ్ళీ నిటారుగా రావు.

బోరుకి లేబుల్ ఉండదు. గ్రానైట్ రాయిలోంచి ఊరిన నీళ్ళకి తయారీదారు ఎవరని అడుగుతాం? ఫ్యాక్టరీలో చేసిన వస్తువుకి మాత్రం ఒక పేరు, ఒక అడ్రస్ ఉంటాయి. అందుకే లోపల ఏముందో చెప్పమని చట్టం వాళ్ళని అడగగలదు. పెయింట్ డబ్బానీ అలాగే అడిగింది. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూల్ 2017 నవంబర్ నుంచి ఉంది.

మీకు ఒక డౌట్ రావాలి. నీళ్ళలో 1.5 దాటితే ప్రమాదం అంటున్నారు, పేస్టులో 1000 వరకు ఎలా ఒప్పుకున్నారు? నీళ్ళు రోజూ లీటర్ల కొద్దీ తాగుతాం. పేస్టు ఒక గ్రాము పెట్టుకుని ఉమ్మేస్తాం. గ్రాములో 1000 పీపీఎం అంటే ఒక్క మిల్లీగ్రామే. (చిన్నపిల్లలు ఉమ్మకుండా మింగుతారు, అందుకే వాళ్ళకి కొంచెమే పెట్టమంటారు.) అంటే నెంబరు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. దేనిలో ఎంత అన్నది, అంటే కింద ఉన్న హారం, చూడాలి.

ఈ హారం దగ్గరే మన బ్రాంచి వాళ్ళకి పనికొచ్చే కథ మొదలవుతుంది. ఫోన్లు, లాప్‌టాప్‌లలో ఆరు పదార్థాలకి మన దేశంలో హద్దులున్నాయి. సీసం, పాదరసం, హెక్సావాలెంట్ క్రోమియం, మంటలంటకుండా ప్లాస్టిక్‌లో కలిపే పీబీబీ, పీబీడీఈ అనే రెండు బ్రోమిన్ రసాయనాలు, ఇవి ఒక్కోటి 0.1 శాతం దాటకూడదు. కాడ్మియం అయితే 0.01 శాతమే. యూరప్‌లో ఈ రూల్ 2006 జులైలో వచ్చింది, దాన్నే రోస్ అంటారు. మన దగ్గర ఈ-వేస్ట్ రూల్స్‌లో భాగంగా 2014 మే నుంచి అమలైంది. యూరప్ వాళ్ళు 2019లో ఇంకో నాలుగు కలిపి పది చేశారు.

0.1 శాతం దేనిలో? మొత్తం ఫోన్లో అనుకుంటే మోసం చాలా ఈజీ. ఫోన్ బరువు 180 గ్రాములు అనుకోండి. అందులో పాతరకం టంకం 0.2 గ్రాములు. ఆ టంకంలో 37 శాతం సీసం, అంటే 0.074 గ్రాములు. దాన్ని 180తో భాగిస్తే 0.04 శాతం. పాస్! కానీ రూల్ అలా లెక్కపెట్టనివ్వదు. 'హోమోజీనియస్ మెటీరియల్' అంటుంది, అంటే స్క్రూ విప్పినా, కోసినా, గీకినా ఇక వేరే పదార్థాలుగా విడిపోని ముక్క. ఆ టంకం చుక్కే ఒక ముక్క. అందులో సీసం 37 శాతం, హద్దుకి 370 రెట్లు. ఫెయిల్.

డేటా స్ట్రక్చర్స్ చదివిన వాళ్ళకి ఇది ట్రీ అని ఈపాటికి వెలిగే ఉంటుంది. రూట్ లాప్‌టాప్. కింద బోర్డు, దాని కింద రెసిస్టర్, దాని కింద కాలికి పూసిన తగరం పూత. చెక్ చేయాల్సింది ఆకుల దగ్గర. పైకి వచ్చేటప్పుడు ఆవరేజ్ తీయకూడదు, మ్యాక్స్ తీయాలి. ఒక్క ఆకు ఫెయిలైతే రూట్ ఫెయిల్. కోడ్ పది లైన్లు కూడా ఉండదు.

కష్టం కోడ్‌లో లేదు, ఆకుల డేటాలో ఉంది. లాప్‌టాప్ కంపెనీ రెసిస్టర్ చేయదు, రెసిస్టర్ చేసేవాడు తగరం తవ్వడు. ప్రతివాడూ కింది వాడిని డిక్లరేషన్ అడుగుతాడు. దాన్ని ఒకే పద్ధతిలో పంపడానికి ఐపీసీ-1752 అనే ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్ ఉంది. అయినా అందులో ఉండేది ఎవరో చెప్పిన మాటే. మాట నిజమో కాదో చూడటానికి ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే తుపాకీ లాంటి మిషన్ పెడతారు. అది బ్రోమిన్ ఉందని చెప్తుంది కానీ ఏ రసాయనంగా ఉందో చెప్పలేదు. క్రోమియం ఉందంటుంది, హెక్సావాలెంటా కాదా అనేది దానికి తెలియదు. అప్పుడు ల్యాబ్‌కి పంపాల్సిందే. మన దేశంలో కంపెనీ తనే డిక్లేర్ చేస్తుంది, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి శాంపిళ్ళు తీసి పరీక్ష చేయాలి.

మాట నమ్మితే ఏమవుతుందో సోనీకి బాగా తెలుసు. 2001 క్రిస్మస్ ముందు నెదర్లాండ్స్ అధికారులు దాదాపు 13 లక్షల ప్లేస్టేషన్ డబ్బాలు ఆపేశారు. తప్పు గేమ్ మిషన్‌లో లేదు, దానితో ఇచ్చిన కేబుళ్ళలో కాడ్మియం ఎక్కువ ఉంది. బయటి సప్లయర్ చేసిన వైరు. అప్పటికి రోస్ ఇంకా రాలేదు కూడా, నెదర్లాండ్స్ సొంత చట్టమే.

'హజార్డస్ సబ్‌స్టెన్స్' అంటే తెలుగులో ప్రమాదకర పదార్థం అని రాయడం నాకు అంత నచ్చలేదు, పెట్రోల్ ట్యాంకర్ గుర్తొస్తుంది. ఫోన్లో ఉన్న సీసం ఫోన్ వాడేవాడికి దాదాపు ఏమీ చేయదు. పాత సామాన్ల బండికి వేశాక, రాగి కోసం వైర్లు కాల్చేవాడికీ, బోర్డు వేడిచేసి చిప్పులు ఊడదీసేవాడికీ చేస్తుంది. వాళ్ళు యూజర్ మాన్యువల్ చూడరు. పదార్థాల వివరం రాయమని రూల్ చెప్పేది ఆ మాన్యువల్‌లోనే. ఇది నాకు పెద్ద లోపంగా అనిపిస్తుంది.

దీనికి ఒక జవాబు మహబూబ్‌నగర్ వాళ్ళకి ముందే ఎదురవ్వొచ్చు. దివిటిపల్లిలో అమర రాజా లిథియం బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఎక్కడ తయారైనా సరే, 2027 ఫిబ్రవరి 18 నుంచి యూరప్‌లో అమ్మే ప్రతి ఎలక్ట్రిక్ బండి బ్యాటరీకీ డిజిటల్ పాస్‌పోర్ట్ ఉండాలి, పైన ఒక క్యూఆర్ కోడ్ ఉండాలి. అందులో సమాచారం అందరికీ ఒకేలా కనిపించదు. టెస్ట్ రిపోర్టులు అధికారులకి, విప్పే పద్ధతి రిపేరు, రీసైకిల్ చేసేవాళ్ళకి. లోపల ఏ హానికర పదార్థాలున్నాయన్నది మాత్రం స్కాన్ చేసిన ఎవరికైనా కనిపించే భాగంలో పెట్టారు.