జట్టుకూర్పులో మొదట ఎవరిని కోరవలెను?

ఫుట్‌బాలు ఆటలో జయాపజయములు మైదానములోనే తేలునని మనము సాధారణముగా తలంతుము. కాని అనేక సందర్భములలో సగము ఫలితము ఆటకు పూర్వమే, జట్టును కూర్చుకొనునపుడే నిర్ణయమగుచుండును. పదునొకండుగురు మంచి ఆటగాండ్రు ఒకచోట చేరినంత మాత్రమున అది మంచి జట్టు కాజాలదు. ఏ స్థానమునకు ఎవరు తగుదురు, ఏ స్థానమును ముందుగా నింపుకొనవలెను అను రెండు ప్రశ్నలకు సరియైన సమాధానము దొరకినపుడే అది జట్టగును. పదిమందిని కూర్చుకొని పని నడుపవలసిన వారికెల్లరకును ఈ విషయము ఉపయోగించును గనుక, మన విద్యార్థుల కొఱకును, వారి తల్లిదండ్రుల కొఱకును దీనిని కొంత వివరింప దలచితిని.

జట్లు పంచుకొనుటకు మన తెలుగు పల్లెలలో పూర్వమునుండి ఒక చక్కని పద్ధతి గలదు. అదియే ఉద్దులు. ఇద్దరు నాయకులు ఒకచోట నిలుతురు. తక్కినవారు సమానబలము గలవారిని చూచుకొని ఇద్దరిద్దరుగా జతపడి, కొంతదూరము పోయి, రహస్యముగా చెరియొక మారుపేరును పెట్టుకొని వత్తురు. నాయకుడు ఆ రెండు పేర్లలో ఒకదానిని కోరుకొనగా, ఆ పేరు గలవాడు అతని పక్షమున చేరును, రెండవవాడు ఎదిరి పక్షమున చేరును. ఉద్ది యనగా సమానుడు, జోడు అని అర్థము. ఈ పద్ధతిలో న్యాయమున్నది, కలహమునకు తావు లేదు. అయితే నాయకునకు ఆలోచించు పనియు లేదు. బలములను సమానముగా పంచు భారమును జతపడినవారే వహింతురు.

దీనికి భిన్నమైన పద్ధతి వంతులవారీ ఎంపిక. దీనినే డ్రాఫ్టు అందురు. ఇందులో ఆటగాండ్ర పట్టిక అందరి యెదుట ఉండును. ఒక్కొక్క జట్టు తన వంతు వచ్చినపుడు ఒక్కొక్కరిని కోరుకొనును. ఒకసారి ఒక జట్టు కోరుకొనిన ఆటగాడు మరియొకరికి దొరకడు. అమెరికా దేశమున ఈ పద్ధతిని వృత్తి ఫుట్‌బాలు జట్ల కొఱకు ప్రవేశపెట్టిరి. వారి ఫుట్‌బాలు మన ఫుట్‌బాలు కాదు, అది బంతిని చేతబట్టి పరుగిడు వేరొక క్రీడ. ధనము గల జట్లే ఏటేట గెలుచుచు, పేదజట్లు ఏటేట ఓడుచుండుటను చూచి, ఫిలడెల్ఫియా జట్టు అధిపతి బెర్ట్ బెల్ 1935లో ఒక సూచన చేసెను. గడచిన యేడు అందరికంటె వెనుకబడిన జట్టునకే మొదటి వంతు ఈయవలెనని ఆయన సూచన. 1936 ఫిబ్రవరి 8వ తేదీన అట్టి మొదటి ఎంపిక జరిగెను. ఆనాడు అందరికంటె ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ఆ పోటీలలో ఒక్క ఆటయైనను ఆడలేదు. 2000 సంవత్సరపు ఎంపికలో 199వ వాడుగా మిగిలిన టామ్ బ్రేడీ అనంతరము ఏడు పర్యాయములు విజేతల జట్టులో నుండెను. మొదటి వంతు దొరకుట అదృష్టము, దానిని వినియోగించుకొనుట వివేకము అని ఈ రెండు ఉదాహరణములు చెప్పుచున్నవి.

మన దేశమున ఇండియన్ సూపర్ లీగు కొఱకు 2017 జూలై 23వ తేదీన బొంబాయి నగరమున ఇట్టి ఎంపిక జరిగెను. అది వేలము కాదు. ఒక్కొక్క ఆటగాని వెల ముందుగనే నిర్ణయింపబడి యుండెను. క్రొత్తగా ఏర్పడిన జంషెడ్‌పూరు జట్టు తన మొదటి వంతున కేరళకు చెందిన అనస్ ఎడతొడిక అను రక్షకుని కోరుకొనెను. ఆయన వెల 1 కోటి 10 లక్షల రూపాయలు. మధ్యస్థానమున ఆడు యూజీన్‌సన్ లింగ్డో వెలయు అంతే. ఆ పట్టికలో ఇంతకంటె ఎక్కువ వెల ఎవరికిని లేదు. పిమ్మట జంషెడ్‌పూరు వారు 87 లక్షల వెలగల సుబ్రత పాల్ అను గోల్‌కీపరును తీసికొనిరి.

గోలుకొట్టువానిని విడిచి, వెనుక నిలుచువారిని ముందుగా ఏల తీసికొనిరి? ఆ యేడు ఒక జట్టు తరఫున మైదానములో విదేశీయులు ఐదుగురికి మించి యుండరాదని నియమము వచ్చెను. కనుక ఆరుగురు భారతీయులు తప్పనిసరి. గోలుకొట్టుటకు విదేశములనుండి మనుష్యులను తెచ్చుకొనుట పెక్కు జట్లకు అలవాటు. అందుచేత భారతీయులలో నిలకడ గల రక్షకులకును, గోల్‌కీపర్లకును గిరాకి హెచ్చెను. ఫలితమేమి? జంషెడ్‌పూరు జట్టు 18 ఆటలలో 18 గోళ్లు మాత్రమే ఇచ్చెను. ఉత్తమ గోల్‌కీపరు బహుమానము సుబ్రత పాల్‌నకు లభించెను. కాని ఆ జట్టు కొట్టిన గోళ్లు 16 మాత్రమే. మొదటి నాలుగు జట్లకే తరువాతి దశ గనుక, అయిదవ స్థానమున ఆగిపోయిన వీరికి ఆ అవకాశము తప్పినది. కోట గోడలు గట్టిగా నున్నను, కోటలోని సేన బయటికి వచ్చి పోరాడనిదే యుద్ధము గెలువదు గదా.

ఇపుడు అసలు సూత్రమునకు వత్తము. "ఎవడు అందరికంటె మిన్న?" అనునది సరియైన ప్రశ్న కాదు. "ఇపుడు వీనిని విడిచినచో, నా తరువాతి వంతునకు ఆ స్థానములో ఎట్టివాడు మిగులును?" అనునదే సరియైన ప్రశ్న. ఒక చిన్న లెక్క చూడుడు. ఇద్దరు నాయకులు చెరియొక గోల్‌కీపరును, చెరియొక ఫార్వర్డును ఎన్నుకొనవలెననుకొందము. ఫార్వర్డులు ముగ్గురు గలరు, వారి సామర్థ్యము పదింట 8, 7, 7 మార్కులు. గోల్‌కీపర్లు ఇద్దరే గలరు, వారికి 7, 3 మార్కులు. మొదటి నాయకుడు 8 మార్కుల ఫార్వర్డును చూచి మురిసి కోరుకొనెను. రెండవవాడు వెంటనే 7 మార్కుల గోల్‌కీపరును పట్టుకొనెను. మొదటివానికి ఇక 3 మార్కుల గోల్‌కీపరే గతి, వాని మొత్తము 11. రెండవవానికి 7 మార్కుల ఫార్వర్డు దొరకును గనుక వాని మొత్తము 14. మొదటి నాయకుడు ముందుగా మంచి గోల్‌కీపరునే కోరియున్నచో ఈ లెక్క తలక్రిందులై, 14 వానికే దక్కియుండెడిది. ఫార్వర్డును విడిచిన నష్టము ఒక మార్కు, గోల్‌కీపరును విడిచిన నష్టము నాలుగు మార్కులు. కొఱత ఎక్కడ గలదో అక్కడనే తొలివంతును ఖర్చు చేయవలెను. గోల్‌కీపర్లు పదిమంది సమానముగా నుండి, గోలుకొట్టువాడు ఒక్కడే యున్నయెడల, ఈ సూత్రమే ఫార్వర్డును ముందుగా కోరుమని చెప్పును.

ఎదిరి పక్షమును గూడ కనిపెట్టి యుండవలెను. ఎదిరివాడు ఇదివరకే మంచి గోల్‌కీపరును తీసికొనియున్నచో, రెండవవానికొఱకు అతడు తొందరపడడు. అట్టి సమయమున మనము గోల్‌కీపరును తరువాతి వంతునకు ఆపి, మరియొక స్థానమును నింపుకొనవచ్చును.

కొఱతలు అన్ని స్థానములందును సమానముగా నున్నపుడు ఏ స్థానము ముందు? పూరింటికి నిట్రాళ్లు ముందు పాతి, వెన్నుగాడి నెత్తి, పిమ్మటనే తడికలు కట్టుదురు. ఫుట్‌బాలు జట్టునకును అట్టి నిట్రాళ్లు మైదానము నడుమ వరుసగా నిలుచును. గోల్‌కీపరు, అతని యెదుటి నడిమి రక్షకుడు, మధ్యస్థానమున బంతిని పంచువాడు, ముందు గోలుకొట్టువాడు, ఈ నలుగురే ఆ నిట్రాళ్లు. ఇరుప్రక్కల పరుగెత్తువారు తరువాత. అందును ఎడమకాలితో బాగుగా తన్నువారు అరుదు గనుక, ఎడమప్రక్కకు తగినవాడు కనబడినచో ఆలస్యము చేయరాదు.

పై సూత్రములన్నిటికిని మించి, రెండు స్థానముల ఆడగలవాని విలువను గుర్తించిన మహనీయుడు మన తెలుగుదేశముననే యుండెను. ఆయన హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. స్వయముగా పాఠశాల ఉపాధ్యాయుడై, హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిపించెను. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో ఆయన పోటీలు పెట్టెడివాడు. ఒక కాలి ఆటగాడు సగము ఆటగాడే యని ఆయన తలంపు కాబోలు. 1962లో జకార్తా ఆసియా క్రీడలందు ఆయన శిక్షణలోనున్న భారత జట్టునకు ఒక చిక్కు వచ్చెను. నడిమి రక్షకుడగు జర్నైల్ సింగునకు తలపై గాయమయ్యెను. రహీం ఆయనను విడువక, సెమీఫైనలులో సెంటర్ ఫార్వర్డుగా ముందునకు పంపెను. ఆ యాటలో జర్నైల్ ఒక గోలు కొట్టెను. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన తుది పోటీలో మరియొకటి కొట్టెను. భారతదేశము 2-1 గోళ్లతో స్వర్ణపతకమును పొందెను. వెనుక అరుణ్ ఘోష్ వంటి గట్టివారు ఉండుటచేతనే ఈ సాహసము సాధ్యమైనది.

ఆ జట్టులోనే తులసీదాస్ బలరాం గలడు. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో తమిళ మాతృభాషగల పేద కుటుంబమున పుట్టి, ముందువరుసలో ఏ స్థానమున నిలిపినను రాణించెను. ఇంటి భాష వేరు, ఊరి భాష వేరు అయినవాడు ఆ ఊరికే కీర్తి తెచ్చెను. ఈ సంగతి మన విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

ఇటీవలి కాలమున 2022 మార్చి 20వ తేదీన గోవాలో జరిగిన తుది పోటీలో హైదరాబాదు జట్టు కేరళ జట్టును ఓడించి లీగు కప్పును గెలిచెను. ఆ యేడు ఓగ్బెచే అను నైజీరియా దేశీయుడు ఆ జట్టునకు 18 గోళ్లు కొట్టి పేరు గాంచెను. కాని తుది ఆట 1-1తో సమమై, పెనాల్టీలకు పోయినపుడు, మూడు తాపులను ఆపి కప్పును చేతికిచ్చినవాడు గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి. పేరు ఒకరిది, అవసరము అందరిది.

ఇక మన యానాము మాట. మన ప్రాంతము చిన్నది, మన పాఠశాలల విద్యార్థుల సంఖ్యయు చిన్నది. పుదుచ్చేరి మనకు 800 కిలోమీటర్లకు పైబడిన దూరము. ఇట్టి దూరప్రయాణమునకు జట్టును పంపవలసి వచ్చినపుడు పెక్కుమందిని పంపుట సాధ్యము కాదు. కనుక రెండు స్థానముల ఆడగల బాలబాలికలు మనకు ఇతరులకంటె ఎక్కువ అవసరము.

"మా అబ్బాయిని గోలువద్ద నిలబెట్టినారేమి, వాడు ముందు ఆడుటకు పనికిరాడా?" అని తల్లిదండ్రులు ఉపాధ్యాయుల నడుగుట కలదు. పై లెక్కయే వారికి సమాధానము. గోలువద్ద నిలిపినది పనికిరాక కాదు, అట్టివాడు మరియొకడు దొరకకనే. ఇంటిలో కూడ, "ఎన్ని గోళ్లు కొట్టితివి?" అని మాత్రమే అడుగక, "ఎన్ని ఆపితివి? ఎవరికి బంతి నందించితివి?" అని అడుగవలెనని మనవి.

నాయకులగు విద్యార్థులకు ఒక మాట. వంతులవారీ ఎంపికలో ఎవడో ఒకడు చివరివాడుగా మిగులును. అందరి కన్నుల యెదుట మిగిలిపోవుట పసిమనస్సునకు చిన్న బాధ కాదు. కనుక ఎంపికను ఇద్దరు నాయకులును ఉపాధ్యాయుని యెదుట పట్టిక చూచి ముగించి, జట్లను మాత్రమే అందరికి చదివి వినిపింపుడు. పట్టికలో ఎవరి పేరు ఎన్నవదో చెప్పనక్కరలేదు. చివరివానికి గూడ, "నీ స్థానమిది, నీ పని యిది" అని స్పష్టముగా చెప్పుడు. స్థానము తెలిసినవాడు ఆట నేర్చుకొనును, ఆట నేర్చినవాడు మరుసటి యేడు ముందుగా కోరబడును. మన విద్యార్థులు ఈ విధముగా జట్లను కూర్చుకొని, గెలుపు ఓటములయందు సమబుద్ధి కలిగి, మన పాఠశాలకును, మన ఊరికిని మంచి పేరు తెత్తురని ఆశించుచున్నాను.