ఉప్పునేలలో ఫాస్ట్ ఛార్జింగ్

216 జాతీయ రహదారి వెంట విద్యుత్ వాహనాలకు స్టేషన్లు కావాలి. కృష్ణా డెల్టా చివర అవి భద్రంగా నిలవాలంటే పైన మెరిసే పెట్టెను కాదు, నేల కింద ఎర్తింగును, కేబులును, జాయింట్లను ముందు చూసుకోవాలి.

రొయ్యల చెరువులో నీటిని చిలికే రెండు హార్స్‌పవర్ల ఏరేటర్ ఒకటిన్నర కిలోవాట్ల దాకా కరెంటు లాగుతుంది. డెల్టా చివర ఉన్న కృత్తివెన్ను మండలంలో ఈ లెక్క ఎవరికీ కొత్త కాదు. అలాంటి నలభై ఏరేటర్లను ఒకేసారి తిప్పితే లైను మీద ఎంత లోడు పడుతుందో, 60 కిలోవాట్ల ఫాస్ట్ ఛార్జర్‌కు ఒక్క కారు తగిలిస్తే ఇంచుమించు అంతే పడుతుంది. కారు వచ్చి ఆగిన కాసేపటికే ఆ లోడు మొదలవుతుంది. ముప్పావుగంటలో కారు వెళ్లిపోతే దాంతోపాటే మాయమవుతుంది. వెనకాలే ఇంకో కారు వస్తే మళ్లీ మొదలు.

కత్తిపూడి దగ్గర మొదలయ్యే 216 రహదారి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా వచ్చి, లోసరి దగ్గర ఉప్పుటేరు దాటి కృత్తివెన్నులో అడుగుపెడుతుంది. పెడన, మచిలీపట్నం, మోపిదేవి, రేపల్లె, బాపట్ల, చీరాల దాటి ఒంగోలు చేరుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ మీదుగా వచ్చే 65 రహదారి బందరులో, అంటే మచిలీపట్నంలో, దీన్ని కలుస్తుంది. బందరు పోర్టు పనులకు 2023 మే 22న శంకుస్థాపన జరిగింది. పోర్టు పూర్తయితే ఈ దారి మీద లారీల రద్దీ పెరుగుతుంది.

రహదారికి రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగ్ స్టేషన్, భారీ వాహనాలకు ప్రతి 100 కిలోమీటర్లకు ఒక ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. స్టేషన్ పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదని కూడా చెప్పింది. అంటే పెట్రోలు బంకు వారే కాదు, రోడ్డు పక్కన పది సెంట్ల స్థలమున్న రైతు, హోటలు నడుపుకునే కుటుంబం కూడా ఈ వ్యాపారంలోకి రావచ్చు. మంచి మాటే. అయితే లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన భద్రతా నిబంధనలు కూడా అక్కర్లేదని కాదు.

గన్ తగిలించాక జరిగేది

ఇంట్లో 3.3 కిలోవాట్ల ఛార్జర్‌తో ఎనిమిది గంటలు పట్టే పనిని ఫాస్ట్ ఛార్జర్ గంటలోపు ముగిస్తుంది. ఇంట్లోనైతే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చే పరికరం కారులోనే ఉంటుంది. ఫాస్ట్ ఛార్జర్‌లో ఆ మార్పిడి బయట, ఇనప బీరువాలాంటి క్యాబినెట్లో జరుగుతుంది. అక్కడి నుంచి వందల వోల్టుల డీసీ నేరుగా బ్యాటరీకి వెళ్తుంది.

కేబుల్ చివర కారుకు తగిలించే ప్లగ్గునే గన్ అంటారు. మన దేశంలో కార్లకు ఎక్కువగా వాడుతున్నది సీసీఎస్-2 గన్. దాని అడుగున రెండు లావు పిన్నులు డీసీని మోస్తాయి. పైభాగంలో ఎర్త్ పిన్ను, కారుతో మాట్లాడే రెండు చిన్న పిన్నులు ఉంటాయి. గన్ తగలగానే కరెంటు పారదు. ముందు గన్ సరిగా కూర్చుందా లేదా చూసుకుని, కదలకుండా తాళం పడుతుంది. తర్వాత ఛార్జర్ తన కేబుల్లో ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతిని ఎర్త్‌కు కరెంటు కారుతోందేమో పరీక్షించుకుంటుంది. తన వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి సరిపడా పెంచుకుంటుంది. ఇవన్నీ కుదిరాకే లోపలి కాంటాక్టర్లు కలిసి కరెంటు పారుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే డీసీ స్వభావం వేరు. ఇళ్లకు వచ్చే ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి స్విచ్చి ఆపినప్పుడు లేచే నిప్పురవ్వ త్వరగా చల్లారుతుంది. డీసీ సున్నాకు రాదు. పారుతుండగా ప్లగ్గు లాగితే లేచిన మంట అలాగే సాగుతుంది. అందుకే 60 వోల్టులు మించిన డీసీ ఛార్జింగులో గన్‌కు తాళం ఉండి తీరాలని నిబంధన. ఆ తాళం మొరాయిస్తుంటే బలంగా గుంజి తీయడం అలవాటు చేసుకున్న స్టేషన్ ప్రమాదంతో ఆడుకుంటున్నట్టే.

ఉప్పు చేసే మేలు, కీడు

హైదరాబాద్ రాతినేలలో మంచి ఎర్తింగ్ సాధించడం కష్టం. గుంత తీసి, ఉప్పూ బొగ్గూ పోసి, ఎండాకాలం నీళ్లు పట్టినా రీడింగు దిగదు. కృత్తివెన్నులో ఆ బాధ లేదు. ఇంతేరు, చినగొల్లపాలెం వైపు నేలకు ఉప్పు ప్రకృతే కలిపి పెట్టింది, తడి ఎప్పుడూ ఉంటుంది. పైపు దింపగానే మీటరు తక్కువ ఓములు చూపిస్తుంది. కాంట్రాక్టరు కాగితం మీద అంకె రాసుకుని వెళ్లిపోతాడు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. కరెంటును తేలిగ్గా పారనిచ్చే ఆ ఉప్పుతడే ఇనుమును తినేస్తుంది. జింకు పూత ఉన్న జీఐ పైపు అయినా, పూత పోయాక తుప్పు లోపలికి పాకుతుంది. పైపుకు పట్టీ బిగించిన బోల్టు దగ్గర ఇంకా త్వరగా పాకుతుంది. రాగి పట్టీని తెచ్చి జీఐ పైపుకు నేరుగా బిగిస్తే, రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరి ఇనుము మరింత వేగంగా కరుగుతుంది. మొదటి రోజు చక్కగా ఉన్న ఎర్తింగ్ కొన్నేళ్లకు పేరుకే మిగలవచ్చు. ఛార్జర్ మాత్రం రోజూలాగే పనిచేస్తూ ఉంటుంది. లోపం పుట్టి క్యాబినెట్ బాడీకి కరెంటు తగిలిన రోజు ఎవరి చేయి దాని మీద పడితే వారికి ఆ తుప్పు సంగతి తెలుస్తుంది.

అందుకే 250 వోల్టులు మించిన పరికరాల లోహపు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని మన నిబంధనలు పట్టుబడతాయి. ఈ తీరంలో దానికి ఇంకో రెండు జాగ్రత్తలు చేర్చాలి. ఎర్త్ పిట్‌కు తెరవగల మూత ఉండాలి, సిమెంటుతో పూడ్చేయకూడదు. పిట్‌లో రీడింగు తీసిన తేదీ, అంకె రాసిన పుస్తకం స్టేషన్లోనే దొరకాలి.

ఉప్పు గాలిలోనూ ఉంటుంది. ఛార్జర్ చల్లబడటానికి ఫ్యాన్లు బయటి గాలిని లోపలికి లాగుతాయి. ఫిల్టర్లు మార్చకపోతే సర్క్యూట్ బోర్డుల మీద సన్నటి ఉప్పుపొర చేరుతుంది. అది తేమ పీల్చుకుని, కరెంటు వెళ్లకూడని చోటికి దారి చూపిస్తుంది.

వేడి పుట్టేది బోల్టు దగ్గర

60 కిలోవాట్ల ఛార్జర్ మూడు ఫేజుల మీద ఒక్కో ఫేజుకు దాదాపు 90 ఆంపియర్లు లాగుతుంది. కేబుల్ చివర తొడిగే లగ్‌ను సరిగా నొక్కి బిగించక, ఒక్క జాయింటులో ఒక మిల్లీ ఓం నిరోధం మిగిలిందనుకుందాం. 90 ఆంపియర్లకు అక్కడ 8 వాట్ల వేడి పుడుతుంది. రెండో ఛార్జర్ కూడా అదే జాయింటు మీద పడి 180 ఆంపియర్లయితే, వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లయి 32 వాట్లకు చేరుతుంది. గాలాడని పెట్టెలో, గుప్పెడంత చోట, గంటల తరబడి. ప్లాస్టిక్ రంగు మారుతుంది, బోల్టు వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది.

ఇళ్ల వైరింగులో ఈ తప్పు చాలాకాలం దాగి ఉండగలదు. ఇంట్లో ఫ్రిజ్ కాసేపు, మోటారు కాసేపు నడుస్తాయి తప్ప అన్నీ కలిసి గంటల తరబడి నిండు లోడు లాగవు. ఛార్జింగ్ స్టేషన్ అలా కాదు. పండగ రోజుల్లో పగలంతా నిండు లోడు మీదే ఉంటుంది. కేబుల్ సైజు దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. కేబుల్ తయారీదారు ఇచ్చే పట్టికలోని ఆంపియర్లు ఒక కేబుల్ ఒంటరిగా, నిర్ణీత ఉష్ణోగ్రతలో ఉన్నప్పటివి. ఒకే కాలువలో నాలుగు కేబుళ్లు పక్కపక్కన పరిస్తే ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది కాబట్టి ఆ అంకె తగ్గించుకోవాలి. అల్యూమినియం కేబుల్ వచ్చి రాగి బస్‌బార్‌ను కలిసే చోట రెండు లోహాలకూ సరిపడే బైమెటాలిక్ లగ్ వాడాలి. బోల్టును చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచితో, చెప్పిన కొలతకు బిగించాలి. ఏడాదికోసారి నిండు లోడు నడుస్తుండగా థర్మల్ కెమెరాతో చూస్తే వదులైన జాయింటు దానంతట అదే బయటపడుతుంది.

తుపాను తీరంలో

1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ ప్రాంతం ఎన్నటికీ మరవలేనిది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. ఇక్కడ స్టేషన్ కట్టేవారు ఛార్జర్ దిమ్మె ఎత్తును రోడ్డును బట్టి కాదు, ఆ చుట్టుపక్కల ఇంతవరకు నిలిచిన నీటి మట్టాన్ని బట్టి నిర్ణయించాలి. కేబుల్ కాలువలోకి చేరిన నీరు బయటికి పోయే దారి ఉండాలి. కేబుల్ క్యాబినెట్లోకి ఎక్కే గ్లాండ్ల దగ్గర సందు మిగలకూడదు. లేకపోతే నీళ్లే కాదు, ఎలుకలు కూడా లోపలికి వస్తాయి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు స్క్రీన్ మీద ఆపేస్తే చాలదు. బయటి నుంచి కరెంటు వచ్చే బ్రేకరునే ఆపి తాళం వేయాలి. నీరు తీశాక ఇన్సులేషన్‌ను, దాన్ని కొలిచే మెగ్గర్‌తో పరీక్షించకుండా తిరిగి ఆన్ చేయకూడదు.

ఉప్పునీటిలో మునిగిన వాహనాలది ఇంకో సమస్య. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను అమెరికాలోని ఫ్లోరిడాను ముంచాక, సముద్రపు నీటిలో నానిన కొన్ని విద్యుత్ కార్లు నీళ్లు తీసిన తర్వాత అంటుకున్నాయి. బ్యాటరీ లోపలికి చేరిన ఉప్పు తడి ఆరినా పోదు, షార్ట్ సర్క్యూట్‌కు దారి వేస్తుంది. చెరువు నీళ్లు కూడా ఉప్పగానే ఉండే ఈ ప్రాంతంలో మునిగిన బండిని తెచ్చి ఛార్జింగుకు పెట్టబోతే, వద్దనే అధికారం స్టేషన్ సిబ్బందికి ఉండాలి.

రెండు పట్టణాలు, ఒక హెచ్చరిక

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండూ ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్లలో జరిగినవి కావు. అయినా బ్యాటరీలున్న చోట మనుషులు బయటపడే దారి ఎంత ముఖ్యమో అవి చెప్పాయి.

ఛార్జింగ్ స్టేషన్లకైతే నిబంధనలు అప్పటికే ఉన్నాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2019లో భద్రతా నిబంధనల్లో ఛార్జింగ్ స్టేషన్ల కోసం ప్రత్యేక అధ్యాయం చేర్చింది. 2023 నాటి కొత్త నిబంధనల్లోనూ అది ఉంది. వాహనం ఛార్జింగ్ పాయింటుకు ఐదు మీటర్లలోపు ఆగాలి. సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, అడాప్టర్లు వాడకూడదు. ప్రతి పాయింటుకూ విడి సర్క్యూట్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే రక్షణ ఉండాలి. పిడుగుల నుంచి రక్షణ కూడా తప్పనిసరి.

తెల్లవారుజామున చెరువులకే

చెరువు నీటిలో ప్రాణవాయువు మిగతా వేళలకన్నా తెల్లవారుజామున తక్కువగా ఉంటుంది. ఏరేటర్లు ఆగకూడని వేళ అదే. ఆ సమయంలో, అవే చెరువులకు కరెంటిచ్చే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 60 కిలోవాట్ల ఛార్జర్ కూడా పడి ఫ్యూజు పోతే, రైతు పెట్టిన పెట్టుబడి గంటల్లో తేలిపోతుంది. అందువల్ల ఫాస్ట్ ఛార్జర్‌కు సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండటం ఇక్కడ సదుపాయం కాదు, పొరుగువాడికి చేసే న్యాయం.

ఛార్జర్లను ఒకదానితో ఒకటి కలపడంలోనూ ఇదే ఆలోచన ఉండాలి. 60 కిలోవాట్ల గన్‌లు నాలుగుంటే నిండు లోడు 240 కిలోవాట్లు. మంజూరైన లోడు 120 అయితే, ఒక కంట్రోలర్ నాలుగింటినీ గమనిస్తూ ఉన్నదాన్ని పంచుతుంది. ఛార్జర్లకూ కేంద్ర సర్వర్‌కూ మధ్య సంభాషణకు ఓసీపీపీ అనే ఉమ్మడి భాష ఉంది. గాలివానకు నెట్‌వర్క్ పోయినప్పుడు ఏం జరుగుతుందన్నది అసలు ప్రశ్న. సర్వర్ మాట వినపడకపోతే ప్రతి ఛార్జర్ తనకు తానుగా తక్కువ పరిమితికి దిగేలా ముందే అమర్చాలి. సాఫ్ట్‌వేర్ తప్పినా లోడును ఆపే బ్రేకర్ దాని వెనక ఉండాలి. పగలు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు, సోలార్ కరెంటు దొరికే వేళల్లో ఛార్జింగ్ ధర తక్కువగా ఉండాలన్న కేంద్ర మార్గదర్శకం కృత్తివెన్ను మండలానికి చక్కగా సరిపోతుంది. కార్లకు పగలు, చెరువులకు రాత్రి.

వానాకాలానికి ముందు లైన్ల మీది కొమ్మలు కొట్టి, స్తంభాలు సరిచూసే పని విద్యుత్ సిబ్బందికి ఏటా ఉన్నదే. 216 రహదారి మీది ప్రతి ఛార్జింగ్ స్టేషన్‌నూ ఆ పనిలో చేర్చాలి. మే నెలలో ఎర్త్ రీడింగు, జాయింట్ల బిగింపు, లీకేజీ రక్షణ పరీక్ష, కేబుల్ కాలువ శుభ్రం పూర్తి చేసి, తేదీ వేసిన కాగితాన్ని ఛార్జర్ పక్కనే అందరికీ కనపడేలా అంటించాలి. స్థలం అద్దెకిచ్చే రైతు ఆ షరతును ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. ఛార్జింగ్ కోసం ఆగిన డ్రైవరు గన్ అందుకునే ముందు ఆ తేదీ చూసుకోవచ్చు.