మాటలు ఆలస్యమైన పిల్లలు: ముందుగా వినికిడి

పసిబిడ్డ నాలుకకు వసకొమ్ము అరగదీసి రాస్తే మాటలు త్వరగా వస్తాయని మన ఇళ్లలో నమ్మకం. గలగలా మాట్లాడే పిల్లను ‘వసపిట్ట’ అనడం దాన్నుంచి వచ్చిందే అంటారు. మాటలు రాని బిడ్డకు నాలుక కింద నరం కోయించమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. రెండింటి వెనుకా ఉన్న ఊహ ఒకటే: మాట నాలుకలో ఉంటుందని. నాలుక కింది పొర బిగుసుకుని ఉంటే కొన్ని ధ్వనులు పలకడం కష్టం కావచ్చు గాని, అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. మాట మొదలయ్యేది చెవితో.

ఈ భాగంలో మూడు పదాలను వేరువేరుగా వాడుతున్నాం. ధ్వనులను పలకడం ఉచ్చారణ. పదాలను, వాక్యాలను అర్థం చేసుకోవడం, కూర్చడం భాష. చూపుతోనో, సైగతోనో, మాటతోనో ఎదుటివారితో విషయం పంచుకోవడం భావప్రసారం. ‘రాముడు’ను ‘లాముడు’ అనే మూడేళ్ల పిల్లవాడికి భాష బాగానే ఉంది. ఉచ్చారణ ఇంకా కుదురుకోవాలి, ఆ వయసుకు అది మామూలే. అదే వయసులో ఒక్కొక్క పదమే పలికే పిల్ల సంగతి వేరు. పేరు పెట్టి పిలిచినా తిరగని, కావలసినదాన్ని వేలితో చూపించని పిల్లలను ఆటిజం కోసం కూడా పరీక్షించాలి. అన్నట్టు, ‘భ’ను ‘బ’గా పలకడాన్ని దోషంగా రాసుకోకండి. మాటల్లో చాలామంది పెద్దలు పలికేదీ అలాగే.

6-9 నెలల మధ్య ‘బబబ’, ‘దదద’ వినిపిస్తాయి. ఏడాది అటూ ఇటూగా తొలి పదం, రెండేళ్లకు ‘పాలు కావాలి’ వంటి జంట పదాలు వస్తాయి. రెండేళ్లు నిండినా పదాలు కలపకపోతే “వాళ్ల మేనమామకూ ఆలస్యంగానే వచ్చాయిలే” అని ఊరుకోకూడదు. నా దృష్టిలో మన పిల్లలకు ఎక్కువ నష్టం చేసే మాట ఇదే.

“తలుపు దడాలున పడితే ఉలిక్కిపడ్డాడు, చెవులు బాగానే ఉన్నాయి” అని తల్లిదండ్రులు చెబుతుంటారు. ఇక్కడి చిక్కును జాగ్రత్తగా గమనించండి. తలుపు చప్పుడులోనూ అచ్చుల్లోనూ బలం ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. ‘స’, ‘త’, ‘క’ వంటి హల్లులను గుర్తుపట్టించే ధ్వని ఎక్కువ పౌనఃపున్యాల్లో, అదీ బలహీనంగా ఉంటుంది. ఆ భాగం వినిపించని బిడ్డకు అమ్మ గొంతు వినిపిస్తుంది గాని ‘పాలు’కు, ‘కాలు’కు తేడా తెలియదు. ఇంట్లోవాళ్లు ‘మొండిఘటం’ అంటారు. కాబట్టి చప్పట్లు కొట్టి చూడటం పరీక్ష కాదు. పుట్టిన శిశువుకు నిద్రలోనే ఓ.ఎ.ఇ. పరీక్ష, అవసరమైతే బెరా పరీక్ష చేయవచ్చు. 1 నెలలోపు తొలి పరీక్ష, 3 నెలలకు నిర్ధారణ, 6 నెలలకు చికిత్స మొదలుకావాలన్నది ఆమోదిత లక్ష్యం. ఇంత తొందర ఎందుకంటే, మెదడులోని వినికిడి మార్గాలు తొలి ఏళ్లలో ధ్వని అందితేనే సరిగా ఎదుగుతాయి. పుట్టుచెవుడు ఉన్న బిడ్డకు ఆలస్యంగా కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చితే ఫలితం తగ్గుతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షిస్తాయి. వారు చూసే లోపాల్లో వినికిడి లోపం, భాష ఆలస్యం కూడా ఉన్నాయి.

వినికిడి యంత్రం పెట్టగానే చికిత్స పూర్తి కాదు. స్పీచ్ థెరపిస్టు వారానికి కొద్ది గంటలే చూస్తారు. మిగిలిన సమయమంతా ఇంటిదే. బిడ్డ ‘పాలు’ అంటే “వేడి పాలు కావాలా?” అని ఒక మాట చేర్చాలి. రెండు వస్తువులు చూపించి, జవాబు కోసం ఆగాలి. “ఏదీ, చెప్పు, చెప్పు” అని పరీక్ష పెట్టకూడదు. నత్తి ఉన్న పిల్లవాడి వాక్యాన్ని మనం పూర్తిచేయకుండా ఓపికగా వినాలి. ఇంగ్లీషు బడిలో చేరుస్తున్నాం గనుక ఇంట్లో తెలుగు మానేయాలన్న సలహా మరీ హానికరం. రెండు భాషలు వినడం వల్ల భాషాలోపం రాదు. తనకు బాగా వచ్చిన భాషను తల్లి మానేస్తే బిడ్డకు అందే మాటలే తగ్గిపోతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రెండున్నరేళ్ల పాప చప్పుళ్లకు తిరుగుతుంది, పది పదాలు మాత్రమే అస్పష్టంగా పలుకుతుంది. అంగన్‌వాడీ కార్యకర్తకు మీరు ముందుగా ఏ పరీక్ష సూచిస్తారు? ఎందుకు?