పందుల కాపలాకు రెప్పవేయని కన్ను

ఉదయగిరి, ఆత్మకూరు: వేరుశనగ కాయ గట్టిపడే రోజుల్లో కొండ కింది రైతుకు కంటిమీద కునుకుండదు. రాత్రంతా మంచెపై కూర్చుని డబ్బా కొడుతూ, లైటు తిప్పుతూ ఉండాలి. ఓ గంట నిద్రపట్టిందా, అడవి పందుల గుంపు దిగి చేనంతా పెళ్లగించి పోతుంది.

విసిగిపోయి పొలం చుట్టూ కరెంటు తీగ లాగే రైతులు అక్కడక్కడా ఉన్నారు. అది నేరం. పైగా తీగకు పందేదో, నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషెవరో తెలియదు.

దీనికి మరో దారి ఉంది. చేని గట్టున కెమెరా, దానికి చిన్న కంప్యూటరు.

పనిచేసే తీరు

కంప్యూటరుకు బొమ్మ అంటే అంకెల పట్టిక. అడ్డంగా 640, నిలువుగా 480 గళ్లుంటే మొత్తం 3,07,200 గళ్లు. ప్రతి గడిలో వెలుతురును బట్టి ఒక అంకె: కటిక నలుపుకు 0, తెలుపుకు 255. కెమెరా సెకనుకు ఎన్నో బొమ్మలు పంపుతుంది. ప్రోగ్రాం కొత్త బొమ్మలోంచి పాత బొమ్మను గడి గడికీ తీసివేస్తుంది. ఏదీ కదలకపోతే శేషం దాదాపు సున్నా. ఒకచోట శేషం పెద్దదైతే ఏదో కదిలిందన్నమాట. వెంటనే గంట మోగుతుంది.

గాలికి ఆకు ఊగినా శేషం వస్తుంది. అందుకే కదలిక పెద్దదిగా ఉండి, వరుసగా కొన్ని బొమ్మల్లో కనిపిస్తేనే మోగేలా రాసుకోవాలి. రాత్రికి పరారుణ దీపం ఉండాలి. పందిని, ఆవును వేరుచేయాలంటే ప్రోగ్రాంకు ముందుగా వేల బొమ్మలు చూపి నేర్పాలి.

ఇందుకు కావలసిన పైథాన్ భాష, ఓపెన్‌సీవీ సాధనాలు ఉచితమే. కదలికను పట్టే ప్రోగ్రాం కొన్ని పదుల పంక్తులే. కంప్యూటరు చదివే కుర్రవాడు రాయగలడు.

కోయంబత్తూరు అనుభవం

తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర మదుక్కరై అడవిలో రైలు పట్టాల వెంట 12 టవర్లపై ఇలాంటి కెమెరాలు పెట్టారు. 2024లో ప్రారంభించారు. ఏనుగు పట్టాల వైపు వస్తే రైల్వే, అటవీ సిబ్బందికి కబురు వెళుతుంది. రైళ్లు నెమ్మదిస్తాయి.

కెమెరా పందిని తరమదు. రైతును లేపుతుంది, అంతే. ఒక్కోసారి ఊరికే మోగవచ్చు కూడా. గంట పొరబడితే పోయేది ఓ కునుకు. తీగ పొరబడితే పోయేది నిండు ప్రాణం. అధికారులు, కళాశాలల విద్యార్థులు కలిసి ఈ మెట్ట ప్రాంతంలో ఒక్క చేనులోనైనా దీన్ని పరీక్షించి చూపితే రైతులకు మేలు జరుగుతుంది.