గ్రీకు పెరుగు: పొయ్యి మీద, ఓవెనులో

పెరుగును పలుచని నూలుగుడ్డలో మూటగట్టి వ్రేలాడదీసినచో దానిలోని తేట బొట్లుబొట్లుగా కారిపోవును. కొన్ని గంటల తరువాత మూట విప్పి చూచిన, గరిటెతో తీసినను జారని మెత్తని ముద్ద కనబడును. గ్రీసు దేశములో దీనిని ‘స్ట్రగిస్టో’ అందురు. ‘వడగట్టినది’ అని ఆ మాటకు అర్థము. పూర్వము గుడ్డసంచులలో వడగట్టుటచే ‘సంచి పెరుగు’ అను పేరు కూడ అచట ఏర్పడినది. తుర్కీవారి ‘స్యుజ్మె’, లెబనానువారి ‘లబ్నె’, శ్రీఖండము కొరకు మహారాష్ట్ర, గుజరాతు ప్రాంతములలో సిద్ధపరచు ‘చక్కా’ ఈ కుటుంబములోనివే. అయినను నేడు లోకమంతట అంగళ్లలో ఈ పదార్థము ‘గ్రీకు పెరుగు’ అను పేరుతోనే చెల్లుచున్నది.

ఆ పేరుకు వ్యాపారములో విలువ యెంతయో ఒక వ్యాజ్యమువలన తెలియును. ఏథెన్సు నగరములో 1926లో చిన్న పాల అంగడిగా మొదలైన ‘ఫాయే’ సంస్థ, అమెరికాలో తయారైన ‘చోబాని’ పెరుగును ‘గ్రీకు పెరుగు’ అని అమ్మరాదని ఇంగ్లండులో దావా వేసెను. గ్రీసు దేశములో వడగట్టి చేసిన పెరుగే ఆ పేరుకు తగినదని అచటి కొనుగోలుదారులు భావించుచున్నారని న్యాయస్థానము అంగీకరించెను. 2014లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పునే స్థిరపరచెను.

పేరు సంగతి అట్లుండగా, వంట చేయువారికి వేరొక చిక్కు కలదు. ఈ పెరుగును కూరలో కలిపినచో ఒకప్పుడు నున్నగా కలిసిపోవును, మరొకప్పుడు పలుకులు పలుకులుగా విరిగిపోవును. కేకులో వేసినచో ఒకసారి దూదివలె పొంగును, మరొకసారి పిడుచగట్టును. దీనికి చేతివాసి కారణమని సాధారణముగా చెప్పుదురు. కాని పాల రసాయనశాస్త్రము కొంచెము తెలిసినచో ఈ ప్రవర్తన అంతయు ముందుగానే ఊహింపవచ్చును.

పాలు తోడుకొను విధము

పాలలోని మాంసకృత్తులలో నూటికి 80 పాళ్లు కేసిన్ అనునది. ఇది పాలలో అతిసూక్ష్మమైన గుళికలుగా తేలుచుండును. ఒక్కొక్క గుళిక అడ్డుకొలత సుమారు మిల్లీమీటరులో పదివేలవ వంతు. ఈ గుళికల ఉపరితలముపై ఋణవిద్యుదావేశము ఉండుటచే అవి ఒకదాని నొకటి త్రోసికొనుచు, కలిసికొనక విడివిడిగా నుండును. తాజా పాల పి.హెచ్. విలువ సుమారు 6.6.

గోరువెచ్చని పాలలో తోడు వేసినపుడు, తోడులోని బాక్టీరియా పాలలోని చక్కెరను, అనగా లాక్టోజును, లాక్టిక్ ఆమ్లముగా మార్చును. గ్రీకు పెరుగును తయారుచేయుటలో ముఖ్యముగా పనిచేయు జాతులు రెండు. వానిలో ఒకటైన ‘బల్గేరికస్’ను 1905లో స్టామెన్ గ్రిగరోవ్ అను బల్గేరియా దేశపు యువశాస్త్రజ్ఞుడు జెనీవాలో పనిచేయుచు కనుగొనెను. రెండవది ‘థర్మోఫిలస్’. ఈ రెండును 42 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతములో చురుకుగా పెరుగును.

ఆమ్లము పెరిగినకొలది అందలి హైడ్రోజన్ అయానులు కేసిన్ గుళికలమీది ఋణావేశమును తగ్గించును. పి.హెచ్. 4.6 సమీపించుసరికి ఆవేశము దాదాపు శూన్యమగును. త్రోసికొను శక్తి పోగానే గుళికలు ఒకదాని కొకటి అంటుకొని వలగా అల్లుకొనును. ఆ వల కన్నులలో నీరు, కొవ్వు చిక్కుకొని నిలుచును. మనము పెరుగు అనునది ఈ వలయే.

తోడు వేయుటకు ముందు పాలను బాగుగా కాచుటలోను ఒక ప్రయోజనము కలదు. 85 డిగ్రీలకు మించి కొంతసేపు కాచినచో తేటలో కరిగియుండు మాంసకృత్తులు తమ రూపము మార్చుకొని కేసిన్ గుళికలను పట్టుకొనును. అప్పుడు వల దట్టమై నీటిని ఎక్కువగా నిలుపుకొనును. సరిగా కాగని పాల పెరుగు పలుచగా నుండి త్వరగా తేటవిడుచుటకు కారణ మిదియే.

గుడ్డలో మిగులునది, గుడ్డ దాటి పోవునది

వడగట్టుట భౌతికమైన మార్పు. కేసిన్ వలయు, కొవ్వు బిందువులును గుడ్డలో నిలుచును. నీరు, అందులో కరిగిన లాక్టోజు, లవణములు, లాక్టిక్ ఆమ్లము, కొన్ని బి విటమినులు గుడ్డ దాటి పోవును. తేటకు గల పసుపుపచ్చని ఛాయ అందులోని రైబోఫ్లేవిన్ అను విటమినుదే.

ఒక కిలో గ్రీకు పెరుగునకు సుమారు మూడు నాలుగు లీటర్ల పాలు పట్టును. మామూలు పెరుగులో 100 గ్రాములకు సుమారు 3.5 గ్రాముల మాంసకృత్తులుండగా, వెన్న తీసిన పాలతో చేసిన గ్రీకు పెరుగులో సుమారు 10 గ్రాములుండును. బలవర్ధకమని దీనికి వచ్చిన పేరు ఇందువలననే.

అయితే మాంసకృత్తులు మూడింతలైనంత మాత్రమున అన్నియు మూడింతలు కావు. పాలలోని కాల్షియములో పెద్దభాగము మొదట కేసిన్ గుళికలలో ఇమిడియుండును. పెరుగు పులిసినపుడు ఆమ్లము ఆ కాల్షియమును కరిగించి నీటిలోనికి దింపును. తరువాత అది తేటతోపాటు వెడలిపోవును. అందుచే 100 గ్రాముల గ్రీకు పెరుగులో కాల్షియము సుమారు 110 మిల్లీగ్రాములే. మామూలు పెరుగులో ఉండుదాని కంటె ఎక్కువ కాదు. ఎముకల పుష్టి కొరకు పెరుగు తినువారు ఈ సంగతి గమనింపదగినది.

కొందరు తయారీదారులు వడగట్టుటకు బదులు పాలపొడిని గాని, పిండిపదార్థమును గాని, జెలటిన్ గాని చేర్చి పెరుగును చిక్కబరచుదురు. చూపులకు రెండును ఒకటే. కాని పొయ్యి మీద వాని నడవడి వేరు. కావున డబ్బామీది పదార్థముల పట్టిక చదువుట మంచిది.

వేడికి విరుగుట ఏల?

పెరుగును వేడిచేసినపుడు కేసిన్ కణములు ఒకదాని నొకటి మరింత గట్టిగా పట్టుకొనును. వల ముడుచుకొనును. ముడుచుకొన్న వలలోనుండి నీరు పిండినట్లు వెలికి వచ్చును. కూరలో తెల్లని పలుకులు, వాని చుట్టు తేట కనబడుట దీని ఫలితమే. ఒకసారి ఇట్లు విరిగిన పెరుగు ఎంత కలిపినను మరల నున్నన కాదు.

దీనిని నివారించు ఉపాయములు మూడు. మొదటిది కొవ్వు. కొవ్వు బిందువులు కేసిన్ పోగుల నడుమ నిలిచి, అవి దగ్గరకు చేరకుండ అడ్డుపడును. కొవ్వు తీయని పాలతో చేసిన గ్రీకు పెరుగు వేడికి కొంత ఓర్చుటకును, కొవ్వు లేనిది త్వరగా విరుగుటకును ఇదియే కారణము.

రెండవది పిండి. వేడినీటిలో పిండిరేణువులు నీటిని పీల్చి ఉబ్బి, ద్రవమును చిక్కబరచి, కేసిన్ ముద్దగట్టుటను ఆపును. అల్బేనియాలోని ఎల్బసాన్ పట్టణమునకు పేరు తెచ్చిన ‘తావె కోసి’ అను వంటకములో గొఱ్ఱెమాంసముపై పెరుగు పోసి ఓవెనులో కాల్చుదురు. ఆ పెరుగులో గోధుమపిండి, గ్రుడ్లు తప్పక కలుపుదురు. మన మజ్జిగపులుసులో కొంచెము సెనగపిండి కలుపు ఆచారములోను ఈ సూత్రమే దాగియున్నది. దేశములు వేరైనను, రుచులు వేరైనను కేసిన్ ధర్మము ఒక్కటే గదా!

మూడవది నెమ్మది. రెఫ్రిజిరేటరునుండి తీసిన చల్లని పెరుగును మరుగుచున్న పులుసులో ఒక్కసారిగా పోయరాదు. వేడి పులుసును గరిటెడు గరిటెడుగా పెరుగులో పోసి కలుపుచు, పెరుగు వెచ్చనైన పిదప దానిని గిన్నెలో చేర్చవలెను. సెగ తగ్గించి, మరుగు పట్టకముందే దింపుట మేలు.

కేకు పొంగుట

గ్రీసు దేశములో ‘యియావుర్తోపిత’ అను పెరుగు కేకు చేయుదురు. గోధుమపిండి, గ్రుడ్లు, చక్కెర, పెరుగు ఇందు ముఖ్యమైనవి. పైన పాకము పోయుటయు కలదు. ఇట్టి కేకులలో పెరుగు చేయు పని రుచికి మాత్రమే పరిమితము కాదు. దానిలోని లాక్టిక్ ఆమ్లము వంటసోడాతో కలిసి సోడియం లాక్టేటు, నీరు, కార్బన్ డయాక్సైడు (బొగ్గుపులుసు వాయువు) ఏర్పడును. ఆ వాయువు పిండిలో బుడగలై నిలిచి, ఓవెను వేడికి వ్యాకోచించి కేకును పొంగించును.

ఎంత పెరుగునకు ఎంత సోడా? ఇది తరగతిలో చేయదగిన లెక్క. 90 గ్రాముల లాక్టిక్ ఆమ్లమునకు 84 గ్రాముల సోడా సరిపోవును. 250 గ్రాముల పెరుగులో ఆమ్లము నూటికి ఒక పాలు అనుకొన్నచో అది 2.5 గ్రాములగును. దానికి కావలసిన సోడా సుమారు 2.3 గ్రాములు, అనగా అర టీస్పూను. కప్పు పెరుగునకు అర టీస్పూను సోడా అని వంటపుస్తకములలో కనబడు కొలత ఈ లెక్కతో సరిపోవుచున్నది. వెలువడు వాయువు 0 డిగ్రీల వద్ద, సాధారణ వాతావరణ పీడనము క్రింద సుమారు 620 మిల్లీలీటర్లు. ఇందులో కొంత పిండి కలుపునపుడే తప్పించుకొనును. కావున సోడా కలిపిన పిండిని ఆలస్యము చేయక ఓవెనులో పెట్టవలెను.

సోడా ఎక్కువైనచో ఆమ్లముతో కలియగా మిగిలినది వేడికి సోడియం కార్బనేటుగా మారి, సబ్బు రుచిని, ముదురు రంగును తెచ్చును. తక్కువైనచో కేకు పొంగదు, పులుపు మిగులును.

మామూలు పెరుగు వేయవలసినచోట అదే కొలతతో గ్రీకు పెరుగు వేసినచో పిండి బిరుసెక్కి కేకు పిడుచగట్టును. కొంచెము పాలు గాని, నీరు గాని కలిపి మామూలు పెరుగు పలుచదనమునకు తెచ్చుకొనిన ఈ లోపము తీరును. వెన్న మానివేసి దానికి బదులు కొవ్వులేని గ్రీకు పెరుగు వేయుటయు చూచి చేయదగిన పని. గోధుమపిండిలోని గ్లూటెన్ పోగులు సాగి బిగియకుండ వెన్న కాపాడును. వెన్న పూర్తిగా లేనిచో కేకు రబ్బరువలె సాగును. సగము వెన్న ఉంచి సగమునకు పెరుగు వేయుట మధ్యేమార్గము.

మరొక సంగతి. కాలిన కేకు నడిమి భాగము 95 డిగ్రీల వరకు వేడెక్కును. అంత వేడిలో తోడులోని బాక్టీరియా బ్రదుకవు. సజీవ బాక్టీరియా కావలెనన్నచో పెరుగును కాచకయే తినవలెను. గ్రీకులు చేయు ‘జాజికి’ అట్టిది. తురిమిన దోసకాయకు ఉప్పు రాచి, ఊరిన నీటిని పిండివేసి, వడగట్టిన పెరుగు, వెల్లుల్లి, ఆలివు నూనెతో కలుపుదురు. ఉప్పు దోసకాయనుండి నీటిని లాగుట విద్యార్థులు చదువుకొను ద్రవాభిసరణమే.

తేట ఎక్కడికి పోవును?

కిలో గ్రీకు పెరుగు తయారగునప్పటికి రెండు మూడు కిలోల పుల్లని తేట మిగులును. ఇంటిలో ఇది సమస్య కాదు. చపాతిపిండి తడుపుటకు, చారులో పోయుటకు దీనిని వాడవచ్చును. కర్మాగారములో సంగతి వేరు. 2007 తరువాత అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో గ్రీకు పెరుగు పరిశ్రమ వేగముగా పెరిగినపుడు, తేటను ఏమి చేయవలెనను ప్రశ్న పెద్దదైనది. తేటను ఏటిలో వదలినచో, అందలి లాక్టోజును తిని సూక్ష్మజీవులు విపరీతముగా పెరిగి, నీటిలో కరిగిన ఆక్సిజనును హరించును. చేపలు ఊపిరాడక చచ్చును. అందుచే దానిని పశువుల దాణాలో కలుపుట, పొలములకు మితముగా పెట్టుట, గాలి చొరని తొట్లలో కుళ్లబెట్టి మీథేను వాయువు తీయుట మున్నగు మార్గములు అవలంబించుచున్నారు. గట్టి పెరుగు ధరలో తేట పారుదల ఖర్చు కూడ చేరియున్నదని గ్రహింపవలెను.

తరగతిలో చేయదగిన పరీక్ష

అర కిలో పెరుగును తూచి, శుభ్రమైన గుడ్డలో కట్టి, ఆరు గంటలు రెఫ్రిజిరేటరులో గిన్నెపై వ్రేలాడదీయవలెను. వేసవిలో బయట ఉంచినచో పులుపెక్కును. తరువాత ముద్దను, తేటను వేరువేరుగా తూచి, రెండింటి మొత్తము మొదటి బరువుతో సరిచూడవలెను. రెండింటిలోను నీలి లిట్మసు కాగితము ముంచిన ఎఱ్ఱబడును. రెండింటిలోను చిటికెడు సోడా వేసిన పొంగును. ఆమ్లమును గుడ్డ ఆపలేదని దీనివలన రుజువగును. పిమ్మట ముద్దలో రెండు సమభాగములు తీసికొని, కొంచెము నీరు కలిపి, ఒకదానిలో మాత్రము చెంచాడు సెనగపిండి వేసి, రెండింటిని సన్ననిసెగపై కాచవలెను. ఏది ముందు విరుగునో విద్యార్థులు తమ కన్నులతోనే చూతురు. ఏల విరిగెనో తామే చెప్పగలుగుదురు.